బాబాయ్ పచ్చి చేను కోసిన ఏడాది

2013 నవంబరు చివర్లో మా బాబాయ్ రెండెకరాల స్వర్ణ వరిని, ఇంకో పది రోజులు చేలో ఉండాల్సినదాన్ని, కోయించేశాడు. భయం తప్ప వేరే కారణమేం లేదు. ఆ నెల 22న హెలెన్ తుపాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. మా కోనసీమ వైపు గాలికంటే వాన దెబ్బే ఎక్కువ, అప్పటికే కోసి పనల మీద ఉన్న వరి నీళ్ళలో నాని మొలకలొచ్చేసింది, ఆ కుళ్ళిన గడ్డి వాసన ముక్కులోంచి ఇంకా పోనేలేదు, టీవీలో లెహర్ మొదలైంది. అది హెలెన్ కంటే పెద్దది, అండమాన్ దాటి నేరుగా మన మీదకే వస్తోంది, అతి తీవ్ర తుపాను అయిపోయింది అని ఎర్రక్షరాలు. దండోరా వేశారు, లంకల్లో వాళ్ళని బడుల్లోకి తరలించారు. బాబాయ్ కూలీలకి రెట్టింపు ఇచ్చి పచ్చిగా ఉన్నది కూడా కోయించి కుప్ప వేయించాడు.

28వ తేదీన లెహర్ వచ్చింది. వాయుగుండంగా. మబ్బు పట్టి కాసిని జల్లులు పడ్డాయి, సాయంత్రానికి పిల్లలు వీధిలో ఆడుకుంటున్నారు.

కోసిన ధాన్యంలో సగం తాలు. ఆ తాలు పేరు చెప్పి కొన్నవాళ్ళు బస్తాకి ఎంత కోసేశారో బాబాయ్ ఇప్పటికీ లెక్క చెప్తాడు. ఆ రోజు నుంచి వాతావరణం వాళ్ళంటే ఆయనకి మంట. 'సముద్రంలో ఉన్నప్పుడు పులి అంటారు, గట్టెక్కేసరికి పిల్లి' అంటాడు. నేను చాలా ఏళ్ళు ఆ మాటకి నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ తర్వాత ఈ విషయం కొంచెం కొంచెం చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, బాబాయ్ తిట్టాల్సింది వాళ్ళని కాదు. అప్పటికి నెలన్నర ముందు, అదే సముద్రంలో, ఫైలిన్ సరిగ్గా దీనికి తిరగబడిన పని చేసింది. అక్టోబరు 9 సాయంత్రం మామూలు తుపాను, 10న అతి తీవ్ర తుపాను, 11కల్లా గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటేసింది. 12 రాత్రి ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒకటి రోజున్నరలో కొండంత అయింది, ఇంకొకటి రోజున్నరలోపే కొండంతది కాస్తా నీరుగారిపోయింది.

ఎందుకు?

ముందు పేర్ల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే టీవీ చూసే వాళ్ళలో చాలామందికి ఇవి వరసలో తెలియవు. గాలి గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 51 దాటితే తీవ్ర వాయుగుండం, 63కి తుపాను అయి పేరు పెట్టించుకుంటుంది, 89కి తీవ్ర తుపాను, 118కి అతి తీవ్ర తుపాను, ఆ పైన 167కి ఇంకో మెట్టు, 222 నుంచి సూపర్ సైక్లోన్. ఒక్క రోజులో, అంటే 24 గంటల్లో, గాలి వేగం 30 నాట్లు పెరిగితే దాన్ని వేగంగా ముదరడం అని ప్రపంచమంతా లెక్కేస్తారు. ఇక్కడ నాట్లంటే మన వరినాట్లు కాదులెండి, 30 నాట్లంటే గంటకి 55 కిలోమీటర్లు. వినడానికి చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ గాలి తోసే బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది, 60 మీద ఉన్న గాలి 120 అయితే కొబ్బరి చెట్టు మీద పడే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. 60కి మట్టలు రాలతాయి, 120కి మొవ్వు విరుగుతుంది.

తుపాను బతికేది వేడి సముద్రం ఇచ్చే ఆవిరి మీద. ఒక లీటరు నీళ్ళని మంచులా చల్లగా ఉన్నప్పటి నుంచి మరిగేదాకా కాచడానికి ఎంత వేడి కావాలో, ఆ లీటరు మొత్తం ఆవిరైపోవడానికి దానికి ఐదింతలకు పైగా కావాలి. ఆ వేడంతా ఆవిరిలో దాక్కుని పైకి వెళ్తుంది, పైన మబ్బుగా మారేటప్పుడు బయటపడుతుంది. దాంతో అక్కడి గాలి వేడెక్కుతుంది, కింద పీడనం తగ్గుతుంది, చుట్టుపక్కల గాలి ఇంకా జోరుగా లోపలికి లాక్కురాబడుతుంది, ఆ జోరుగాలి సముద్రం మీదనుంచి ఇంకా ఎక్కువ ఆవిరిని ఎత్తుకొస్తుంది. పొయ్యి తన కట్టెలు తానే తెచ్చుకుంటున్నట్టన్నమాట.

మరి అలాంటప్పుడు ప్రతి అల్పపీడనమూ సూపర్ సైక్లోన్ కావాలి కదా, కాదే. మొదట్లో మబ్బులు ఒకచోట ఉండవు, అక్కడో గుంపు ఇక్కడో గుంపు, వచ్చిన వేడి నలుమూలలకీ చెదిరిపోతుంది. అలా రెండు మూడు రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఎప్పుడైతే ఆ ఉరుముల మబ్బులు నడిమధ్య చుట్టూ ఒక గుండ్రటి గోడలా కలిసిపోతాయో, అప్పటి నుంచి వేడంతా ఆ చిన్న గోడ లోపలే పనిచేస్తుంది, గాలి ఎంత లోపలికి వస్తే అంత వేగంగా తిరుగుతుంది. పాలగిన్నె చూస్తూ నిలబడితే పది నిమిషాలు కదలదు, అటు తిరిగి ఉప్పు డబ్బా అందుకునేలోపు పొంగిపోతుంది చూడండి, అలాంటిదే. ఆ గోడ కలిసే గంట ఏదో ముందే చెప్పడమే కష్టం. అందులోనూ చిన్న సైజు తుపానులు మరీ మొండివి, ఎంత త్వరగా ముదురుతాయో అంత త్వరగా చచ్చిపోతాయి కూడా.

మా 96 తుపాను చిన్నదే.

నాకప్పుడు పదేళ్ళు. 1996 నవంబరు 6, దీపావళికి నాలుగు రోజుల ముందు. చేటలో మతాబులు ఎండబెడదామని నేనూ అక్కా రోజూ అరుగు మీద కూర్చునేవాళ్ళం, ఆ రోజు ఎండ లేదు, సన్నగా జల్లు. మధ్యాహ్నం దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చీకటి పడేసరికి ఉత్తరం గాలి, పెంకులు ఒక్కొక్కటీ కాదు, వరసలు వరసలుగా లేచిపోయాయి. అందరం నడవలో ఒక మూల, ధాన్యం బస్తాల పక్కన. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. పూర్తిగా. చుక్కలు కూడా కనపడ్డాయని మా నాన్న అంటారు, నాకు గుర్తులేదు, నాకు గుర్తున్నది ఆ నిశ్శబ్దంలో దూరంగా ఎవరిదో దూడ అరుపు. నాన్న గొడ్లసావిడి చూసొస్తానని లేచారు. తాత చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు: 'కూచోరా! ఆగలేదది. తిరుగుతుంది.' కాసేపటికి దక్షిణం నుంచి కొట్టింది, ముందుకంటే గట్టిగా. ఉత్తరం గాలికి వంగి తట్టుకున్న చెట్లన్నీ దానికి పడిపోయాయి. మా తాత ఉపగ్రహం బొమ్మ ఎప్పుడూ చూసినవాడు కాదు, కానీ తుపాను కన్నంటే ఏమిటో ఆయనకి తెలుసు.

కాకినాడకి దక్షిణంగా తీరం తాకిన ఆ తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, అందులో వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళు చాలామంది. కొబ్బరి తోటల సంగతి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు కోనసీమలో నిటారుగా, ఒకే ఎత్తులో ఉండే తోటలు కనిపిస్తే వాటి వయసు అడగండి, చాలావాటికి 96 తర్వాతే పుట్టుక.

ఇక సముద్రం సంగతికి వస్తాను, నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. తుపాను పుట్టాలంటే నీటి పైభాగం 26.5 డిగ్రీలకి పైన ఉండాలని బళ్ళో చెప్తారు. బంగాళాఖాతంలో అది దాదాపు ఎప్పుడూ ఉండేదే, అందుకని ఆ అంకె ఒక్కటే తెలిసి లాభం లేదు. ఆ వేడి ఎంత లోతు దాకా ఉంది అన్నది అసలు ప్రశ్న. ఎందుకంటే తుపాను గాలి సముద్రాన్ని కవ్వంలా చిలుకుతుంది, లోపలి చల్లనీళ్ళు పైకొస్తాయి, పైన రెండు మూడు డిగ్రీలు పడిపోతే తుపాను తన పొయ్యి తానే ఆర్పేసుకున్నట్టు. మెల్లగా నడిచే తుపానుకి ఈ బెడద ఇంకా ఎక్కువ, ఒకేచోట తిష్ట వేసి చిలుకుతుంది కాబట్టి. వడివడిగా నడిచేది చల్లనీళ్ళు పైకొచ్చేలోపు కొత్త నీటి మీదకి వెళ్ళిపోతుంది.

అయితే అక్టోబరు, నవంబరుల్లో మన బంగాళాఖాతం ఎంత చిలికినా సరిగ్గా చల్లబడదు. పుస్తకంలో చదివినప్పుడు ఇది నాకు ఎక్కలేదు. రొయ్యల చెరువులో ఎక్కింది.

మా బావగారికి నాలుగు చెరువులున్నాయి. ఒకసారి రాత్రంతా పెద్దవాన పడ్డ మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్ళాను, ఆయన మోకాళ్ళ పైదాకా నీళ్ళలో నిలబడి ఏరేటర్ల తాడు సర్దుతున్నారు. 'ఏవోయ్, కాలు పెట్టి చూడు' అన్నారు. పెట్టాను. పైన జానెడు నీళ్ళు చల్లగా జివ్వుమన్నాయి, పాదం అడుక్కి వెళ్ళేసరికి గోరువెచ్చగా ఉంది. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు, అందుకని వాననీరు పైనే ఒక దుప్పటిలా పరుచుకుంటుంది, కిందిది పైకి రాదు, పైది కిందికి పోదు. అడుగున రొయ్యకి గాలి అందక చచ్చిపోతుందని ఆయన భయం, అందుకే కరెంటు పోయినా జనరేటర్ పెట్టి మరీ ఏరేటర్లు తిప్పుతారు. ఉప్పు తేడా ఉన్న రెండు పొరల్ని కలపడం ఎంత కష్టమో ఆయన డీజిలు బిల్లు చూస్తే తెలుస్తుంది.

బంగాళాఖాతం కూడా అంతే. వానాకాలమంతా గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, మన గోదారి తెచ్చి పోసిన మంచినీళ్ళు, దానికి తోడు సముద్రం మీదే కురిసిన వాన, ఇవన్నీ కలిసి పైన పల్చటి తేలికపొరగా నిలుస్తాయి. దాని కింద ఉన్న ఉప్పునీరు కూడా వేడిగానే ఉంటుంది, కొన్నిచోట్ల చెరువులోలాగా పైదానికంటే వెచ్చగా కూడా. అసలు చల్లనీరు ఆ కింద ఎక్కడో ఉంటుంది. తుపాను ఎంత చిలికినా ముందు ఈ పొరల్ని కలపడానికే దాని ఓపిక అయిపోతుంది, పైకొచ్చేదీ వేడి నీరే. పొయ్యి ఆరదు. 2012లో వచ్చిన ఒక పరిశోధన ప్రపంచమంతటా వచ్చిన వందలాది తుపానుల్ని లెక్కేసి, ఇలాంటి అడ్డుపొర ఉన్న నీటి మీద అవి ముదిరే వేగం దాదాపు 50 శాతం ఎక్కువని తేల్చింది.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎర్రనీరు వచ్చిందంటే మాకు పండగ కదా, పులస వస్తుంది, రేవుల్లో జనం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద గురించి పెద్దవాళ్ళు భయంగా చెప్తారు గానీ, బ్యారేజీ దాటి సముద్రంలో కలిశాక ఆ నీళ్ళ కథ అయిపోయిందనే మా అందరి లెక్క. అయిపోదు. ఉప్పుతో కలవకుండా రెండు మూడు నెలలు పైపైన తిరుగుతూనే ఉంటుంది, దీపావళి నాటికి తీరం వెంబడి దక్షిణంగా సాగే ప్రవాహంలో పడుతుంది. గోదారి వాటా గంగ, బ్రహ్మపుత్రల ముందు చిన్నదే, ఒప్పుకుంటాను. అయినా మన వీధి కుర్రాడు కూడా ఆ గుంపులో ఉన్నాడని తెలిస్తే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

మరి లెహర్ అదే నవంబరులో కదా వచ్చింది, దానికెందుకు కలిసిరాలేదు? నీళ్ళొక్కటే చాలవు కాబట్టి. తుపాను నిటారుగా ఉండాలి. కింద గాలి ఒక దిక్కుకీ, పదీ పన్నెండు కిలోమీటర్ల పైన గాలి ఇంకో దిక్కుకీ వీస్తుంటే, అటక కింద పేర్చిన కుండల దొంతరని పైన ఒకరు తోసి కింద ఒకరు లాగినట్టు అవుతుంది. పైన పోగైన వేడి ఒకచోట, కింద సుడి ఇంకోచోట. విండ్ షియర్ అంటారు దీన్ని. ఉపగ్రహం బొమ్మలో తెల్లమబ్బంతా ఒకపక్కకి పోయి, సుడి ఖాళీగా బయటపడి కనిపిస్తే ఆ తుపాను పని అయిపోతున్నట్టే. దానికి తోడు నడిమధ్యకి పొడిగాలి దూరిందంటే, మబ్బులోని చినుకులు ఆ పొడిగాలిలోనే ఆవిరైపోతాయి, ఆ గాలి చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, మండే పొయ్యిలో చెంబుడు నీళ్ళు పోసినట్టు. లెహర్‌కి పశ్చిమ బంగాళాఖాతంలోకి వచ్చేసరికి ఇవన్నీ కట్టకట్టుకుని ఎదురయ్యాయి: పైగాలి తేడా, పొడిగాలి, తూర్పువైపుతో పోలిస్తే వేడి తక్కువున్న నీరు. 2018 డిసెంబరు 17న మా పక్కనే కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ కూడా తీవ్ర తుపానుగా ఉండి, తీరం చేరేలోపే ఒక మెట్టు దిగింది.

మా అమ్మాయి ఒకసారి మంచి ప్రశ్న వేసింది. జులై, ఆగస్టుల్లో కూడా సముద్రం వేడే కదా నాన్నా, అప్పుడెందుకు పెద్ద తుపానులు రావు అని. ఇందుకే. రుతుపవనాల్లో కింద పడమటి గాలి, పైన దానికి ఎదురుగా తూర్పు గాలి జోరుగా వీస్తాయి. దొంతర నిలవదు. అందుకే వానాకాలంలో అల్పపీడనాలు, వాయుగుండాలు వరసకట్టి వచ్చి వానలు పోస్తాయి గానీ ముదరవు. ఏప్రిల్, మేల్లోనూ మళ్ళీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ పట్టు సడలుతుంది, అప్పుడే మనకి గండం.

అన్నీ కలిసొస్తే ఏమవుతుందో 2020 మేలో ఉంపన్ చూపించింది. పేరు పెట్టాక రెండు రోజుల్లోపే సూపర్ సైక్లోన్. అంతకంటే భయం పుట్టించేది మనది కాదు, మెక్సికోది. 2023 అక్టోబరులో ఓటిస్ అనేది ఒక్క రోజులో గంటకి సుమారు 185 కిలోమీటర్లు పెరిగి అకపుల్కో అనే ఊరి మీద పడింది. ముందు రోజు అక్కడివాళ్ళు ఎదురుచూసింది దానికంటే చాలా చిన్నదాని కోసం. ఇంకో విషయం, అట్లాంటిక్‌లో తుపాను లోపలికి విమానాలు పంపి గాలి కొలుస్తారు. మన దగ్గర అలా మామూలుగా పంపరు. ఉపగ్రహం బొమ్మలో మబ్బు ఆకారం, చల్లదనం చూసి గాలి వేగం అంచనా కడతారు, తీరానికి దగ్గరయ్యాక మచిలీపట్నం, విశాఖ రాడార్లు సాయం చేస్తాయి. అంటే టీవీలో చెప్పే ఇప్పటి అంకె కూడా అంచనాయే, రేపటిది అంచనా మీద అంచనా. తుపాను ఎటు వెళ్తుందో చెప్పడం ఈ ఇరవై ముప్పై ఏళ్ళలో బాగా మెరుగైంది, అది పైనున్న పెద్ద గాలుల వ్యవహారం. ఎంత ముదురుతుందో చెప్పడం వెనకబడే ఉంది, అది ఆ చిన్న గోడ లోపల జరిగే వ్యవహారం. ఈ రెండో సంగతి ఏ ఛానలూ చెప్పదు, చెప్తే ఎర్రక్షరాలకి ఊపు పోతుందేమో.

అందుకని నేను ఇప్పుడు 'ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారు' అని ముందు చూడను. ఇంకా ఎన్ని గంటలు సముద్రం మీద ఉంటుంది, నడక ఎంత, మబ్బు నడిమధ్యనే ఉందా పక్కకి జరిగిందా, ఇవి చూస్తాను. బాబాయ్‌కి ఇవి చెప్పబోతే 'అయితే ఇంతకీ కోయాలా వద్దా' అంటాడు. దానికి నా దగ్గర జవాబు ఉండదు. 2013లో నేనే ఆయన చోట ఉన్నా కోసేసేవాణ్ణి అనిపిస్తుంది, అతి తీవ్ర తుపాను రోజున్నర దూరంలో ఉందంటే ఎవరు ఆగుతారు?

2025 అక్టోబరు 28 పొద్దున్న, మొంథా తీవ్ర తుపాను అయి ఇటే వస్తున్న రోజు, ఫోను మోగింది.

'ఏరా, ఇది హెలెనా, లెహరా?'

'ఇంకా తెలీదు బాబాయ్. సాయంత్రం చెప్తాను.'

'సాయంత్రానికి నాకే తెలుస్తుంది.'

చేను పొట్ట మీద ఉంది, కొన్ని మడులు ఈనిక మొదలెట్టాయి, కోయడానికి ఏమీ లేదు. ఆ రాత్రి అది నరసాపురం వైపు తీరం దాటింది, తీవ్ర తుపాను దగ్గరే ఆగి, ఇంకో మెట్టు ఎక్కకుండా. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి బాబాయ్ వానలోనే పార భుజాన వేసుకుని గట్టు మీద ఉన్నాడు, బోదెకి గండి కొట్టి నీళ్ళు డ్రెయిన్లోకి మళ్ళిస్తున్నాడు. నన్ను చూసి పలకరించలేదు. రెండో పార పాకలో ఉంది తెచ్చుకో అన్నాడు.